వంకాయ కూరలో నా టై

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లలో, సెలవు పెట్టి ఊరికే హాయిగా ఉండటం అనే పని మా వైపు ఎవరికీ తెలియదు. ఊరు దాటి వెళ్లారంటే పెళ్లికో, చావుకో, తిరుపతికో వెళ్లి ఉండాలి. ఏ కారణమూ లేకుండా నాలుగు రోజులు పరాయి మంచం మీద పడుకుని వచ్చాననే మనిషిని చూస్తే, ఇంట్లో ఏదో గొడవ జరిగిందనుకునేవాళ్లం. అలాంటి రోజుల్లో ఆత్మకూరు అవతల, నల్లమల మొదలయ్యే చోట, ఒక పెద్దమనిషి విశ్రాంతి బంగళా కట్టించాడు. జీవితంలో ఒకే ఒక్కసారి, పదహారు రోజులు ఊటీలో ఉండి వచ్చిన కారణంగా ఆయన్ని అందరూ ఊటీ రెడ్డి అనేవాళ్లు. వెళ్లేటప్పుడు తలపాగాతో వెళ్లినవాడు వచ్చేటప్పుడు టోపీతో వచ్చాడు. ఆ టోపీ కింద పుట్టిన ఆలోచనే ఆ బంగళా. ఒకసారి డబ్బు కడితే చాలు, మంచం, దోమతెర, వేణ్ణీళ్లు, మూడు పూటలా దొరల భోజనం, మధ్యలో రెండు సార్లు టీ, అన్నీ అందులోనే. రాజధానికి కొత్తగా దిగిన ఆఫీసర్లూ, ప్లీడర్లూ శనివారం వస్తే సోమవారం దాకా జేబులో చెయ్యి పెట్టే పని ఉండదు.

ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి, ఇంగ్లీషు మాత్రం ధైర్యంగా మాట్లాడే ఇరవై ఒక్క ఏళ్ల నేను ఆ బంగళాకు సెక్రటరీని. (నాకంటే ముందు ఆ ఉద్యోగం లేదు, తర్వాతా లేదు.) మా బావ పెళ్లిలో కట్టుకున్న మెరూన్ రంగు టై ఒకటి అడిగి తెచ్చుకుని, ఎండాకాలంలో కూడా మెడకు బిగించుకుని వరండాలో నిలబడేవాణ్ణి. అతిథులకు నమస్కారం పెట్టడం, గదులు చూపించడం, గంట కొట్టగానే భోజనాల గదికి తోలుకుపోవడం నా పని అని మొదట అనుకున్నాను. అసలు పని ఏమిటో వారం తర్వాత తెలిసింది.

దానికి ముందు ఆ భోజనం గురించి చెప్పాలి. వంటవాడు మద్రాసు నుంచి వచ్చిన ముసలాయన. దొరల బంగళాల్లో నలభై ఏళ్లు పనిచేశాడట. తెల్లకోటు, నడుముకు ఎర్రపట్టీ, చేతిలో ఇత్తడి గంట. అందరం బట్లర్ తాత అనేవాళ్లం. పొద్దున ఒక గంజి పెట్టేవాడు. దాన్ని మా ఊళ్లో గోడలకు సున్నం పూసే వాళ్లు చూస్తే జాగ్రత్త చేసుకునేవాళ్లు. మధ్యాహ్నం ఉప్పూ కారం తగలని ఉడికిన కూరగాయలు. వాటిని ఉడికించిన నీళ్లు రెండు పూటలా సూపు. గేటు బయట పాలిచ్చే ఎనుములు మంద మందగా పోతూంటే మేము లోపల డబ్బా పాలపొడి కలుపుకుని టీ తాగేవాళ్లం. చివర్లో పుడ్డింగు అని ఒకటి వచ్చేది. ప్లేటు కింద పెట్టినా అది వణుకుతూనే ఉండేది. నంద్యాల నుంచి వచ్చిన ఒక వ్యాపారి దానివైపు కాసేపు చూసి, "ఏమప్పా, ఇది మనల్ని చూసి భయపడతాందా?" అని నన్నడిగాడు. ఇంగ్లీషు పద్ధతిలో అది అలాగే ఉండాలని నేను గంభీరంగా చెప్పాను. నేను అంతకుముందు పుడ్డింగును చూసిన పాపాన పోలేదు.

ఇక అసలు పని. బంగళాకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన, బండి ఎద్దులకు లాడాలు కొట్టే సాయిబు ఇల్లు ఉండేది. లాడాలు కొట్టడానికి సేపు పడుతుంది కదా, ఆ సేపట్లో బండివాళ్లకు ఆయన భార్య జొన్నరొట్టెలు చేసి పెట్టేది. ఆమెను ఊరంతా ఖాలా అని పిలిచేది, అంటే పిన్నమ్మ అని. (మీరు అడగబోయే మాట నాకు తెలుసు. సాయిబుల ఇంట్లో తినకూడదనుకునే వాళ్లూ ఉండేవాళ్లు. వాళ్లు రొట్టె ఖాలా చేతినుంచి తీసుకుని, కూర మాత్రం తమ చెంబులో పోయించుకునేవాళ్లు. అందులోని శాస్త్రం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.) మధ్యాహ్నం పన్నెండుకు ఆమె పెనం మీద రొట్టె వేస్తే ఆ వాసన రోడ్డు దాటి, మా గేటు దాటి, భోజనాల గదిలో సూపు ముందు కూర్చున్న ప్లీడర్ల ముక్కుల్లోకి నేరుగా వెళ్లేది. మా అతిథులకు అకస్మాత్తుగా ప్రకృతి మీద ప్రేమ పుట్టేది. నడి ఎండాకాలంలో, నడి మధ్యాహ్నం, కొండలు చూసి వస్తామని బయల్దేరేవాళ్లు. కళ్లలో నీళ్లతో, ఎర్రబడ్డ మూతులతో తిరిగి వచ్చేవాళ్లు.

ఊటీ రెడ్డికి ఇది ప్రాణసంకటమైంది. దొరల భోజనం వదిలి బండివాళ్ల పక్కన కూర్చుంటే బంగళా పరువేం కావాలి? ఒకరోజు నన్ను పిలిచి, "సెక్రటరీ, వీళ్లు యాడికి పోతాండారో నాకు తెల్సు. మొగం మీద అడిగితే బాగుండదు. నువ్వు చెయ్యి కలుపు. ఎల్లిగడ్డ కారం వాసన చేతికి అంటుకుంటే ఓ పట్టాన పోదు" అన్నాడు. అప్పటినుంచి గేటు దగ్గర తిరిగి వచ్చిన ప్రతివాడికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి, పక్కకు తిరిగి నా చెయ్యి నేనే వాసన చూసుకోవడం నా ఉద్యోగమైంది. నా మర్యాదకు ముచ్చటపడి ఒకాయన కర్నూలు వెళ్లాక ఉత్తరం కూడా రాశాడు. దొంగను పట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం రెడ్డీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరేవి. సాయంత్రం సూపు తాగుతూ కుడి చేతిని ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి. ఇంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి నా జీవితంలో మరొకటి లేదు.

ఇలా ఉండగా సెక్రటేరియట్ నుంచి ఒక పెద్దసారు మూడు రోజులకు వచ్చాడు. బంగళాకు కరెంటు లైను రావాలంటే ఆయన ఒక్కమాట రాయాలి. కరెంటు వస్తే ఫ్యాన్లు, ఫ్యాన్లు వస్తే ఊటీ, అని రెడ్డి లెక్క. పెద్దసారు రెండు రోజులు నోరు విప్పకుండా పెట్టినదంతా తిన్నాడు. మాకు ధైర్యం వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం బట్లర్ తాత గంట కొట్టాడు. పెద్దసారు కుర్చీ ఖాళీ. గదిలో లేడు, తోటలో లేడు. అంతకు ముందు వారమే ఆ చుట్టుపక్కల చిరుతపులి అడుగులు కనబడ్డాయి. రెడ్డి మొహంలో నెత్తురు చుక్క లేదు. చిరుత కంటే ముందు నువ్వు పోయి వెతుకు అని నన్ను తరిమాడు. నేను అడవివైపు వెళ్లినట్టు నటించి రోడ్డు దాటాను.

పెద్దసారు చొక్కా విప్పి మొలకు చుట్టుకుని, బనీనుతో, ఇద్దరు బండివాళ్ల మధ్య ఈతాకు చాప మీద కూర్చుని ఉన్నాడు. ముందు వంకాయ కూర, చెనిక్కాయల కారం, సగం కొరికిన ఎర్రగడ్డ. (వేరుశనగలకూ ఉల్లిపాయలకూ మా వైపు ఇవే పేర్లు.) నేను టై సరిచేసుకుని, భోజనానికి వేళయిందని ఇంగ్లీషులో మనవి చేశాను. ఆయన తల ఎత్తకుండా తెలుగులో అన్నాడు.

"మాది కోసిగి కాడ పల్లె. కరువులో మా యమ్మ ఈ రొట్టె కోసం మూడూర్లు తిరిగేది. ఇప్పుడు దొరికే చోట కూర్చున్నా. లేపొద్దు. నువ్వూ కూర్చో."

ఉద్యోగమా, రొట్టెనా అని నేను చాలాసేపు ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆయన మాట పూర్తయ్యేలోపే నేను కూర్చున్నాను. ఖాలా నా ముందు వేడి రొట్టె వేసి, దాని మీద వెన్న పెట్టి, "ఈ అబ్బి దినామూ గేటు కాడ చేతులు వాసన చూస్తాంటే నాకే కడుపు తరుక్కుపోయేది" అంది. అంటే ఊరందరికీ తెలుసన్నమాట. నేను సిగ్గుతో వంగాను. వంగడంతో టై వెళ్లి వంకాయ కూరలో పడింది. దాన్ని అలాగే ఉండనిచ్చి రెండో రొట్టె అడిగాను.

ఆ రెండోది నోట్లో ఉండగా చేతికర్రతో ఊటీ రెడ్డి వచ్చి నిలబడ్డాడు. నేను లేచి, నిండు నోటితో "గుడాఫ్టర్నూన్ సార్" అన్నాను. ఆయన నన్ను చూశాడు, నా టై చూశాడు, పెద్దసారును చూసి కోపం మింగాడు. పెద్దసారు పక్కకు జరిగి చాప మీద చోటు చూపించాడు. కరెంటు ఇవ్వబోయే మనిషి కూర్చోమంటే కూర్చోక తప్పదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, మొదటి ముక్క మొహమాటానికి తిన్నాడు. తర్వాత ఎవరివైపూ చూడలేదు. అతిథులకు ఆదర్శంగా ఉండాలని ఆ మహానుభావుడు నాలుగు నెలలుగా ఆ సూపే తాగుతున్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆరు రొట్టెలు తిన్నాడు.

అంతవరకూ నవ్వులాటే. అప్పుడు తెల్లకోటుతో, చేతిలో గంటతో బట్లర్ తాత వాకిట్లోకి వచ్చాడు. సూపు చల్లారిపోతోందని చెప్పడానికి వచ్చాడు. అందరినీ వరుసగా చూసి గంట నాలుకను వేళ్లతో పట్టుకున్నాడు, మోగకుండా. ఖాలానే ముందుగా తేరుకుని, "తాతా, నువ్వూ రా, రొట్టె వేడిగా ఉండాది" అంది. ఆయన కోటు మడత నలగకుండా మెల్లగా కూర్చుని, ఒక ముక్క తుంచి నమిలాడు.

"నాకు రుచి తెలీదమ్మా" అన్నాడు. "పదేళ్ల కిందట పెద్ద జ్వరం వచ్చి అది పోయింది. చేతి అలవాటుతో వండతాను. బాగాలేదని ఎవరూ చెప్పలేదు."

మా బంగళాకు అన్ని వందల మంది వచ్చారు. అందరూ దొరల తిండి కదా అని తలలూపి, రోడ్డు అవతలికి జారుకున్నవాళ్లే. చేతులు వాసన చూసిన నేను ఒక్కసారి ఆయన వంటింట్లోకి వెళ్లి చెప్పిందీ లేదు. ఖాలా ఏమీ అనకుండా ఆయన రొట్టె మీద చెనిక్కాయల కారం నిండుగా వేసింది. తాత తిన్నాడు. కాసేపటికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు కారింది, చెవులు ఎర్రబడ్డాయి. కోటు చేతితో ముక్కు తుడుచుకుని, "ఇది తెలుస్తా ఉంది" అన్నాడు. మళ్లీ వేయమని చెయ్యి చాచాడు.

మర్నాటి నుంచి మా బంగళాలో కారం లేని వస్తువు లేదు. సూపులో పచ్చిమిరపకాయలు, గంజిలో ఎండుమిరపకాయలు. పుడ్డింగులో కూడా కారం పడిన రోజు ఒక ప్లీడరుగారు బావి దాకా పరిగెత్తాడు. ఖాలాను బంగళాలో వంటకు పెట్టుకుంటానని రెడ్డి స్వయంగా వెళ్లి అడిగాడు. ఆమె రొట్టె తట్టుతూనే, "నా పొయ్యి ఈడ ఉండాది సామీ. తినేటోళ్లకు కాళ్లు ఉండాయి కదా" అంది. పెద్దసారు కర్నూలు వెళ్లాక కరెంటు లైనుకు ఆ ఒక్కమాట రాశాడు. స్తంభాలు ఒక్కొక్కటే పాతుకుంటూ వచ్చి, ఖాలా ఇంటి దాకా వచ్చేసరికి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఆఫీసర్లూ వెళ్లారు. రోడ్డు దాటాల్సిన ఆఖరి స్తంభం దాటలేదు. బంగళాకు తాళం పడింది. బట్లర్ తాత మద్రాసు వెళ్తూ ఒక సీసా నిండా కారం కట్టించుకుపోయాడు.

నేను కూడా పెట్టె సర్దుకుని ఖాలాకు చెప్పడానికి వెళ్లాను. ఇప్పుడేం చేస్తావని అడిగింది. హైదరాబాదులో పెద్ద హోటళ్లున్నాయి, నాకున్న అనుభవానికి మేనేజరు ఉద్యోగం ఇస్తారని చెప్పాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, మొదట తిను అంది. తిన్నాను. ఆ ఉద్యోగాన్ని హైదరాబాదులో ఎవరూ ఇవ్వలేదని, చివరికి నేను తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యానని వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఒక్కోసారి ఆ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, నాయనా, ఆకలైతే ఆకలవుతోందని చెప్పు, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు అని చెప్పాలనిపిస్తుంది. వింటాడని మాత్రం నాకు నమ్మకం లేదు. లేచి నిలబడి, మర్యాదగా నాకే షేక్‌హ్యాండ్ ఇస్తాడు.