తిరిగి విసిరేసిన బంతి

బేస్‌బాల్‌లో స్టాండ్స్‌లోకి వచ్చిపడిన బంతి ఎవరి చేతికి చిక్కితే వాళ్లదే. ఇంటికి పట్టుకుపోవచ్చు. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక బంతి కోసం ఏళ్ల తరబడి ఊళ్లు పట్టుకుని తిరిగేవాణ్ణి కాదు.

2003 వేసవిలో ఏడేళ్ల మా అమ్మాయిని, అమెరికాలో మేముండే షాంటిలీ నుంచి బాల్టిమోర్‌కి మొదటిసారి ఆటకి తీసుకెళ్లాను. ఆఫీసులో ఎవరో రాలేక ఇచ్చిన టికెట్లు, మైదానానికి బాగా దగ్గర. దాని చేతికి కొత్త గ్లవ్, నా ఒళ్లో పులిహోర డబ్బా. కాసేపటికి బ్యాట్ అంచుకి తగిలిన బంతి ఒకటి గిరికీలు కొడుతూ సరాసరి మా మీదికే వచ్చింది. డబ్బా పక్కన పడేసి లేచాను. దోసిలి పట్టాను. చిక్కింది! అరచేతులు భగ్గుమన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. నేనేమో పుట్టి బుద్ధెరిగాక క్రికెట్ తప్ప ఇంకోటి ఎరగను. మా గ్రౌండ్‌లో బయటికొచ్చిన బంతి తిరిగివ్వకపోతే తన్నులే. ఆ అలవాటు కొద్దీ ఉన్న బలమంతా పెట్టి బంతిని మళ్లీ మైదానంలోకి విసిరేశాను.

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. వెనక వరసలో పెద్దాయన తల పట్టుకున్నాడు.

"నాన్నా, ఎందుకు త్రో చేశావ్? అది మనది!" అంది మా అమ్మాయి. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఖాళీ గ్లవ్‌లోకి చూసుకుంటూ కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకోటి పట్టిస్తానని అక్కడికక్కడే మాటిచ్చాను.

అప్పటి నుంచి ఏటా వేసవిలో ఒక ఊరు, ఒక స్టేడియం. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్. డెట్రాయిట్ వెళ్లినప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా పాత రూమ్మేట్ ఇంట్లో దిగాం. "బాల్ కోసం ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చినవా? నీకేమన్న పిచ్చారా!" అన్నాడు వాడు. మా ఆవిడైతే, "స్టోర్‌లో అమ్ముతారు కదండీ, ఒకటి కొనిపడేస్తే పోలా?" అనేది. కొన్న బంతీ పట్టిన బంతీ ఒకటేనా? ఆవిడకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

బంతి మాత్రం రాలేదు. పక్క వరసకి వచ్చేది, ఒకసారి ముందాయన బీరు గ్లాసులోనే పడింది, మా దాకా వస్తే ఒట్టు. ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయి. కానీ ఆ ఎదురుచూపుల్లోనే మా అమ్మాయి నాతో అన్నీ చెప్పుకునేది. ఎవరితో కటీఫ్, ఏ టీచరుకి ఎవరు ముద్దు, లెక్కలంటే ఎంత భయం. ఇంట్లో అడిగితే "ఏం లేదు" అనే పిల్ల, అక్కడ కళ్లు బ్యాటర్ మీద పెట్టి, నా వైపు చూడకుండా గంటలు గంటలు మాట్లాడేది. నేనూ దాని వైపు చూడకుండానే వినేవాణ్ణి. చూస్తే ఆపేస్తుందని భయం. హైస్కూల్లో ఉండగా ఒకసారి అలాగే, "నాకు డాక్టర్ అవ్వాలని లేదు నాన్నా. అమ్మకి నువ్వే చెప్పు," అంది. చెప్పాను. ఇంట్లో వారం రోజులు నాకు తిట్లే.

తర్వాత అది కాలేజీకి వెళ్లిపోయింది. ఆ వేసవి ఇంటర్న్‌షిప్ అంది. మరుసటి వేసవి ఏదో ల్యాబ్ పని. "నెక్స్ట్ ఇయర్ ష్యూర్ నాన్నా," అని రెండుసార్లూ అంది.

ఆ రెండో వేసవి, అంటే 2015లో, ఆఫీసు పని మీద కాలిఫోర్నియాలో డబ్లిన్ వెళ్లాను. శనివారం మధ్యాహ్నం ఏం తోచక ట్రైనెక్కి ఓక్లండ్ స్టేడియంకి పోయాను. కౌంటర్ దగ్గర అలవాటుగా "టూ" అని, నాలిక్కరుచుకుని "వన్" అన్నాను. వరసలో నేనొక్కణ్ణే. పక్క సీటు వైపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు.

ఆట సగంలో బంతి వచ్చింది. పట్టాల్సిన పని కూడా లేకుండా, పక్కన ఖాళీ సీటుకి ఠంగున తగిలి, దొర్లుకుంటూ వచ్చి నా బూటు దగ్గర ఆగింది. తీసి చూసుకున్నాను. ఎర్ర కుట్లు, ఒకవైపు మట్టి మరక. ఇన్నేళ్లకి! జేబులో వేసుకుంటే అయిపోతుంది. అయిపోతుంది అనుకోగానే చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. ఇంక ఏం చెప్పి దాన్ని రమ్మంటాను? నాకు బంతి అక్కర్లేదు, నా కూతురు వచ్చి ఆ పక్క సీట్లో కూర్చోవాలి. లేచి, ఉన్న బలమంతా పెట్టి బంతిని మైదానంలోకి విసిరేశాను. కిందివరసలో ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది.

సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేసి ఆటకి వెళ్లానని చెప్పాను.

"నేను లేకుండా వెళ్లావా?" అంది. ఆ గొంతులో కాస్త కినుక వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. "బాల్ వచ్చిందా మరి?"

"మన మొహానికి బాల్ కూడానా! రాలేదమ్మా."

"ఓకే, నెక్స్ట్ సమ్మర్ నేను వస్తా. కానీ వస్తే మాత్రం మళ్లీ త్రో చెయ్యొద్దు నాన్నా, ప్లీజ్."

"చెయ్యను," అన్నాను. భుజం ఇంకా లాగుతూనే ఉంది.