మా అవ్వకు నేను చెప్పిన ఇంగ్లీషు పాఠం

మా చిన్నప్పుడు... బడి నుంచి రాగానే ఇంగ్లీషు పాఠం గట్టిగా అప్పజెబితేగానీ మా అమ్మ టీ ఇచ్చేది కాదు. అమ్మకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా నా గొంతు ఆగిందంటే చాలు, వంటింట్లోంచి కేక వినబడేది.

మా ఇల్లు ఫిజీలో, నమాకా దగ్గర. చుట్టూ చెరకు, రేకుల కప్పు, ముందు చిన్న వరండా. నేను వరండాలో గెంతుతూ అప్పజెప్పేదాన్ని. మా అవ్వ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, పక్కనే చేటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తుండేది. ఇంటా బయటా అందరం ఫిజీ హిందీయే... ఒక్క అవ్వతో మాత్రం తెలుగు.

ఒక రోజు మాస్టారు రెండు ముక్కల క్రియలు చెప్పారు. జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు ముందు ముక్క మారుతుంది, వెనక తోక మారదు... ఇదీ ఆయన సూత్రం. తప్పు చెబితే చేతిలో జామ బెత్తం ఉండనే ఉంది. నాకు మాత్రం 'పుట్ డౌన్' భలే నచ్చింది. నిన్న దించినా ఇవాళ దించినా పుట్ డౌనే, బెత్తం భయం లేదు!

"గివ్ అప్, గేవ్ అప్... కమ్ బ్యాక్, కేమ్ బ్యాక్... రన్ అవే, రాన్ అవే..."

అవ్వ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"ఆ కడాది ఫిర్ సే చెప్పు మే."

చివరి మాటే మళ్ళీ చెప్పాను. "రాన్ అవే."

"అదే... కోర్టులో దొర నన్ను అడిగింది అదే. అంటే ఏంది?"

"పారిపోయింది అని, అవ్వా."

అవ్వ నా మొహంలోకి చూసింది. "పారిపోయిందనా? నేనా?"

అప్పుడు చెప్పింది. అవి గిర్మిట్ రోజులు... ఒప్పంద కూలీలుగా ఓడెక్కి వచ్చినవాళ్ళు నవువా వైపు చెరకు తోటల్లో పనిచేసిన రోజులు. మా నాన్న ఇంకా పుట్టలేదు. అవ్వకి తొలిచూలు ఆడబిడ్డ, చెంగమ్మ. బిడ్డకి ఒళ్ళు కాలిపోతుంటే పక్క గది ఆమెకి అప్పజెప్పి పనిలోకి వెళ్ళింది. మనసు ఆగలేదు. నడిమధ్యలో కత్తి పక్కన పెట్టి కూలీల గదులుండే లైన్లకి పరుగెత్తి, బిడ్డకి పాలిచ్చి, మళ్ళీ వచ్చి, తన వంతు చెరకంతా కొట్టేసింది. కానీ ఆమె లేని ఆ కాస్తసేపట్లోనే తోట దొర గుర్రం మీద అటు వచ్చాడు. కేసు పెట్టాడు.

ఓడ దిగిన కొత్తవాళ్ళకి సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, నేర్పే మొదటి పాఠం ఒకటుండేదట. తెల్లవాడు ఏమడిగినా సరే... లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "యెస్ సార్" అనాలి. అర్థమైందా లేదా అన్నది లెక్కలోకి రాదు. అలా అంటే దెబ్బలు తప్పుతాయి. లైన్లలో ఆడా మగా అందరి బతుకూ ఆ మాట మీదే నడిచింది.

కోర్టులో దుబాసీ ఉన్నాడట, హిందీ దుబాసీ. అవ్వకి అప్పటికి హిందీ ఒక్క ముక్క రాదు. కోర్టు దొర అడిగాడు. అవ్వ "యెస్ సార్" అంది. ఇంకోసారి అడిగాడు.

"రెండోసారి ఇంకా నెమ్మదిగా, వొంగి చెప్పినా మే... బిడ్డ కాడికి బిరీన పంపిస్తాడని."

జైలుకి పంపించారు. తిరిగొచ్చేసరికి చెంగమ్మ లేదు. పక్క గది ఆమె గంజి పట్టి చూసిందట... నిలవలేదట.

"నేను పారిపోలా మే. పాలిచ్చి తిరిగొచ్చినా. పని కూడా ముగించినా..."

ఆ వయసులో నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, పాఠం చెప్పడం. "నో సార్, ఐ కేమ్ బ్యాక్" అను అవ్వా, అన్నాను. అవ్వ చింతపండు గింజలు తీస్తూ అదే మాట అనుకుంది. కేమ్ బ్యాక్, కేమ్ బ్యాక్... మా క్లాసులో సగం మందికంటే బాగా పలికింది.

"ఇప్పుడు నువ్వు దొర మాదిరి అడుగు" అంది.

కిరసనాయిలు డబ్బా బోర్లించి ఎక్కి కూర్చున్నాను. గొంతు లావు చేసి, "డిడ్ యూ రన్ అవే?" అన్నాను. ముందు డిడ్ వస్తే రాన్ కాస్తా మళ్ళీ రన్ అయిపోతుందని మాస్టారు చెప్పారు. సరిగ్గా అడిగానని నాకు గర్వం కూడా...

అవ్వ లేచి నిలబడింది. భుజాల మీది ఓడ్ని గుడ్డ తల మీదికి లాక్కుంది. చేతులు కట్టుకుంది.

"యెస్ సార్."

"అవ్వా! నో సార్ అనాలి!"

"అవును గదా... మళ్ళా అడుగు."

అడిగాను. మళ్ళీ యెస్ సారే. డబ్బా దిగి, మామూలు గొంతుతో, బుజ్జగిస్తూ అడిగాను. అయినా అదే... ఇంతకుముందు అంత చక్కగా పలికిన నోరే, ప్రశ్న వినగానే ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయేది. ఎలా రప్పించాలో నాకు తెలియలేదు. ఏడుపొచ్చేసింది. అవ్వే చింతపండు అంటిన చేత్తో నా కళ్ళు తుడిచి, "నువ్వేం చేస్తావులే తల్లీ" అని మళ్ళీ చేట ముందు కూర్చుంది.

ఇప్పుడు నసీను పట్నంలో మా మనవరాలు సూత్రాలేవీ బట్టీ పట్టకుండానే గలగలా ఇంగ్లీషు మాట్లాడుతుంది. మొన్న వాళ్ళ నాన్న ఏదో గద్దిస్తే, "నో! ఐ డిడ్ నాట్!" అని మొహం మీదే చెప్పింది. ఎంత తేలిగ్గా అనేసిందో... అవ్వ వింటే బావుండుననిపించింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇదంతా చెబుదామనుకున్నాను. దానికి తెలుగు రాదు. "పాలిచ్చి తిరిగొచ్చినా మే" అన్న అవ్వ మాటని ఇంగ్లీషులో పెట్టడం నాకు ఈ వయసులోనూ చేతకావడం లేదు.

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు చెప్పాల్సిన చోట చెప్పలేకపోయిన మాట ఏదైనా ఉంటే... ఇక్కడైనా రాయండి. ఏ భాషలో అయినా సరే.