బోణీ బేరం హెడ్‌సెట్లు

శ్రీవాసవికి ఆ హెడ్‌సెట్లను చూస్తే ఒళ్ళు మండిపోయేది. మండదా మరి? వాటిని ఎంచడానికి కడప దాకా పోయింది తను, చెవులకు పెట్టుకుని చూసింది తను, వద్దన్నదీ తనే. కొన్నది మాత్రం మామ.

మామ పెద్దసుబ్బయ్యది రాజంపేటలో కిరాణా అంగడి. భర్త ధనుంజయ పొద్దస్తమానం తండ్రి పక్కనే తూకాలు వేస్తుంటాడు. పెళ్ళికి ముందు కంప్యూటర్ కోర్సు చేసిన శ్రీవాసవి, అంట్ల దగ్గరే తెల్లారిపోతున్న బతుకు చూసి విసిగి, ఏడాది పాటు మామ ప్రాణం తీసి వీధివైపు గదిలో నెట్ సెంటర్ పెట్టించుకుంది. రెండువేల ఆరు నాటి మాట. పరీక్షా ఫలితాల కోసం, మెయిళ్ళ కోసం ఎప్పుడో ఎవరో వస్తారు. రోజూ గది నింపేది మాత్రం తుపాకుల ఆట ఆడే కాలేజీ కుర్రాళ్ళే. రెండు జట్లుగా విడిపోయి కంప్యూటర్లలో ఒకరినొకరు కాల్చుకుంటారు. స్పీకర్లలో తూటాల మోత, దానిమీద వీళ్ళ అరుపులు. "రేయ్, మెట్ల కింద ఉండాడు సూడు!" అని ఒకడు అరిస్తే అది ఎదుటి జట్టుకూ వినపడుతుంది. ఇక దాని మీదొక గొడవ.

గోడకు అవతలే అత్త నాగరత్నమ్మ మంచం. బీపీ మనిషి. మధ్యాహ్నం కాస్త కన్నంటుకునే వేళకు గోడ అదిరేది. "ఇది ఇల్లా, యుద్ధం జాగానా? నా తల పగిలిపోతాండాది!" అని మొగుడి ముందు మొత్తుకుంది. పెద్దసుబ్బయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"శుక్రవారం లోపల ఆ సద్దు ఆగల్ల. ఆగలేదో, కంప్యూటర్లు తీసేసి ఆ గదిలో ఎండుమిరప మూటలు వేయిస్తా."

ఆ గది పోతే మళ్ళీ వంటిల్లే. శ్రీవాసవి బాగా ఆలోచించి దారి కనిపెట్టింది. మైకున్న హెడ్‌సెట్లు తెస్తే తూటాల మోత చెవి దాటి బయటికి రాదు, జట్టువాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవచ్చు. ఖరీదైనవి కొనే తాహతు లేదు కాబట్టి నాలుగు షాపులు తిరిగి చవకలో మంచివి ఏరుకోవాలి. కడపలో తనకూ సరుకు పనుందంటూ మామ వెంట బయల్దేరాడు. అదే కొంప ముంచింది.

తొలి బస్సుకు పోయారేమో, మొదటి షాపువాడు అప్పుడే షట్టరెత్తి దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. శ్రీవాసవి ఒక హెడ్‌సెట్ చెవులకు తగిలించుకుంది. స్పాంజి అప్పడమంత పలచన. మైకు కాడ ఎంత వంచినా నోటి దగ్గర నిలవదు. షాపువాడు కంప్యూటర్లో ఒక పాట పెట్టాడు.

"మామా, పాట మీకు వినపడుతాండాదా?"

"బ్రమ్మాండంగా వినపడుతాండాదమ్మా! శానా మంచి సరుకు."

"అయ్యో, మీకు వినపడకూడదు మామా! అదే గదా నా బాధ! ఇవి వద్దు, పక్క షాపులో చూద్దాం."

పెద్దసుబ్బయ్య ముఖం మాడిపోయింది. ఆమెను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "బోణీ బేరం అమ్మా. మొదటి గిరాకీ వట్టి చేతుల్తో పోతే వానికి దినమంతా ఎట్ల గడుస్తాది? మన అంగట్లో ఎవరన్నా అట్ల పోతే నాకెంత మంటో నీకు తెలీదా?"

"ఒకటి కొనండి, బోణీ అయిపోతాది. మిగతావి వేరేచోట తీసుకుందాం."

"ఒకటి కొని మిగతావి పక్కవాని దగ్గర కొంటే ఈయప్ప ఏమనుకుంటాడు? వ్యాపారస్తులమమ్మా మనం!"

షాపువాడికి కావలసిందీ అదే. "బోణీ అని తక్కువకిస్తాండా పెద్దాయనా" అంటూ డబ్బాలన్నీ కట్టేసి చేతిలో పెట్టాడు.

నాలుగడుగుల అవతలి షాపులో, చెవి మొత్తం మూసుకునే మెత్తటి దిండ్లున్న హెడ్‌సెట్ దొరికింది. ధరలో పెద్ద తేడా లేదు. పెట్టుకుని చూస్తే బయటికి చీమ చిటుక్కుమనలేదు. శ్రీవాసవికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. వాటిని వాపసిచ్చి ఇవి తీసుకుందామని బతిమాలింది. "బోణీ సరుకు వాపసా? ఆ మాట ఇంకోసారి నోట్లో నుంచి రానీకు" అని పెద్దసుబ్బయ్య సరాసరి బస్టాండు దారి పట్టాడు.

ఇంటికొచ్చాక ఇంకేముంది, ఉన్నదీ పోయింది. మోత ఎప్పటిలాగే బయటికి వస్తోంది. మైకు మాట అందుకోదు కాబట్టి కుర్రాళ్ళు ఇంకా గట్టిగా అరుస్తున్నారు. చెవులు మూసుకుని అరుస్తుంటే ఎంత అరుస్తున్నారో వాళ్ళకే తెలియదు.

శుక్రవారం పొద్దున హమాలీ కంబన్న ఎండుమిరప మూట భుజానేసుకుని గుమ్మంలోకి వచ్చాడు, వెనకే పెద్దసుబ్బయ్య. శ్రీవాసవి అడ్డం నిలబడింది. అన్నాళ్ళూ దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది.

"నేను వద్దన్న సరుకు కొన్నది మీరు! పక్కనే మంచివి ఉండాయని చూపిస్తే బోణీ బోణీ అని లాక్కొచ్చింది మీరు! ఇప్పుడు గది పోయేది నాదా మామా?"

లోపలి నుంచి నాగరత్నమ్మ కొంగు బిగించుకుంటూ వచ్చింది. కోడలి పని అయిపోయిందనుకున్నారంతా. అత్త మాత్రం పోయి మొగుడి ముందు నిలబడింది.

"బోణీకి కొన్నావా? ఈమెక్కూడా అదే గతి పట్టించినావా? పెండ్లయినప్పటి నుంచీ పొద్దున్నే మొదటి అంగడికి తీసకపోతావు, వాడు మొదట చూపించిన చీరే కొనిస్తావు. ఇంకోటి చూపీమని ఏ పొద్దన్నా నన్ను అడగనిచ్చినావా? నాకు ఏ రంగు ఇష్టమో నీకు తెలుసునా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె హమాలీ వైపు తిరిగింది.

"కంబన్నా, ఆ మూట తీసకపోయి అంగడి వెనక దించు. వాసవీ, తలుపు తాళమెయ్యి. ఇద్దరమే పోదాం."

కడపలో ఆ రెండో షాపులో శ్రీవాసవి చేయి నేరుగా మెత్తటి దిండ్లున్న డబ్బా మీదికే పోయింది. నాగరత్నమ్మ ఆపింది. దాన్ని తన చెవులకు పెట్టుకుంది, తీసింది, దిండ్లు నొక్కి చూసింది, అద్దంలో ముఖం చూసుకుంది.

"బాగుండాదిలే. అయినా ఇంకోటి చూపీప్పా" అంది.

షాపువాడు ఇంకోటి తీశాడు. దాని తర్వాత ఇంకోటి. బస్సుకు వేళవుతున్నా శ్రీవాసవి అత్తను తొందరపెట్టలేదు.