ఫోన్ రాని రోజుకు పన్ను లేదు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోరం. ఎవరి ప్రాణమూ పోలేదు. పోయింది పరువు ఒక్కటే, అదీ పూర్తిగా నాది. కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు.

అప్పటికి నేను బీకాం పాసై, వెలిగండ్ల పక్కనున్న మా ఊరు వదిలి మార్కాపురం వచ్చి మూడు నెలలైంది. పైపులు, కుళాయిలు, మోటార్లు అమ్మే దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం. యజమాని శేషయ్య శెట్టిగారు మంచివాడే గాని, మాటల్ని కూడా తూకం వేసి ఇచ్చే మనిషి. నా గది మేడ మీద, రేకుల కింద. మా నాయన గొర్రెలు తోలుకుని గుట్టల వెంట తిరిగేవాడు. మేత ఉన్న చోట సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్న చోట మేత ఉండదు. అమ్మ మాట్లాడాలంటే పక్కింటివాళ్ల ఫోన్ ఖాళీ కావాలి. గదిలో నాతో నోరు విప్పేది ఫ్యాన్ ఒక్కటే, అది కూడా కిర్రుమని ఒకే మాట చెప్పేది.

నన్ను పలకరించే మనిషి ఒక్కరే ఉన్నారు. గిద్దలూరులో పైపుల డిపో నడిపే సుబ్బరత్నమ్మ. మా దుకాణానికి సరుకు అక్కడినుంచే వచ్చేది. నేను ఆమెను చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. నా సెల్‌కు ఫోన్ చేసి, "లోడు పంపినా అబ్బయ్యా, దించుకున్నారా?" అని మొదలుపెట్టి, "తిన్నావా? ఏం కూర?" అని ముగించేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాడిని. ఏం కూర అంటే ఎప్పుడూ పప్పనే చెప్పేవాడిని. ఉత్త పచ్చడి అంటే ఆమె ఊరుకోదు.

ఒక ఆదివారం దుకాణానికి సెలవు. గదిలో రేకులు పెనంలా కాలుతున్నాయి. తాళాలు నా దగ్గరే ఉండేవి కాబట్టి దుకాణం తీసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొన్న సరుకు మీద పడిన పన్నును శెట్టిగారు బిల్లు బిల్లుకీ కాలిక్యులేటర్ నొక్కి సరిచూసుకునేవారు. దాన్ని స్ప్రెడ్‌షీటులో పెట్టి ఆయన చేత ఒక్క మెచ్చుకోలు మాటైనా రాబట్టాలని నా పట్టుదల.

తేదీ, బిల్లు నంబరు, సరుకు విలువ, పన్ను, మొత్తం. కుడిపక్క ఒక గడిలో పన్ను శాతం, పద్దెనిమిది. మొదటి వరసలో విలువను ఆ గడితో గుణించి నూటితో భాగించమని సూత్రం రాశాను. బిల్లుతో పైసా తేడా లేకుండా సరిపోయింది. నా మేధస్సుకు నేనే ముచ్చటపడి, ఆ సూత్రాన్ని మౌసుతో పట్టుకుని కింది వరసలన్నిటికీ లాగేశాను.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. నేను కొత్త షీటు తెరవలేదు. అది నా సొంత షీటు. రోజుకు నాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో అందులో రాసుకునేవాడిని, రోజుకొక గడి. రెండు, సున్నా, ఒకటి, ఒకటి, సున్నా, సున్నా. ఎందుకు రాసుకునేవాడివి అని అడక్కండి, చెప్పుకునే మనిషి లేనివాడు ఏదైనా రాసుకుంటాడు. సరిగ్గా ఆ అంకెల నెత్తిమీద ఖాళీగా కనిపించిన గడిలో పద్దెనిమిదిని కూర్చోబెట్టాను. కంప్యూటర్ తెలిసినవాళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. నాకు తెలియడానికి ఇంకా నాలుగు రోజులు పట్టింది.

రెండో వరస నుంచి నా పన్నుకూ బిల్లు మీది పన్నుకూ పొంతనే లేదు. ఒక బిల్లుకు రెండు శాతమే పడాలని షీటు చెబుతోంది, తర్వాతి దానికి అసలు పన్నే లేదంటోంది. బిల్లులన్నీ సుబ్బరత్నమ్మవే. తప్పు నాదేమో అన్న అనుమానం నాకు రానే లేదు.

సోమవారం శెట్టిగారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూశారు.

"ఆమె మన దగ్గర ఎక్కువ తీసుకుందంటావా?"

"నేననేది ఏముంది శెట్టిగారూ, కంప్యూటరే అంటోంది."

"ఇరవై ఏండ్ల బేరం. మెల్లగా అడుగు."

మెల్లగా అడిగితే నా ప్రతిభ ఎవరికి తెలుస్తుంది? కౌంటర్ దగ్గర నలుగురు రైతులున్నారు. స్పీకర్ పెట్టాను.

"పెద్దమ్మా, మీ బిల్లుల్లో పన్ను ఎక్కువ వేసినారు."

"ఎంత ఎక్కువ అబ్బయ్యా?"

"ఒకదానికి అసలు పన్నే లేదు. మీరు పద్దెనిమిది శాతం లాగినారు."

"పైపులకు పన్ను ఎత్తేసినారా ఏంది? మాకు చెప్పలేదే."

ఆమె నిజంగానే అడిగింది. నాకు ఎగతాళిలా వినిపించింది.

"ఇట్ల దొంగలెక్కలు రాస్తే ఎట్ల పెద్దమ్మా?"

అవతల ఏదో లారీ హారన్ కొట్టింది. తర్వాత ఆమె నెమ్మదిగా అంది. "సరే నాయనా. ఇంక సరుకు వేరే చోట తెచ్చుకోమని మీ శెట్టికి చెప్పు."

రైతులు నా వైపు చూశారు. శెట్టిగారు గల్లాపెట్టె వైపు చూశారు.

మంగళవారం లోడు రాలేదు. బుధవారం బోరు వేయించుకున్న తర్లుపాడు రైతు పైపుల కోసం వచ్చి తిట్టిపోయాడు. శెట్టిగారు మాటల తూకం మరీ తగ్గించేశారు. నా ఫోన్ మోగలేదు. మూడు రోజులూ సున్నాలు రాసుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగితే ఒక్క ఉదుటున అందుకున్నాను. ఎవరో, "వెంకటేశ్వర్లు ఉన్నాడా?" అన్నాడు. లేడన్నాను. రాంగ్ నంబరైనా ఫోన్ ఫోనే అనుకుని షీటులో ఒకటి కొట్టాను.

అప్పుడు జరిగింది. అదే వరసలో ఉన్న బిల్లుకు, అప్పటిదాకా సున్నాగా ఉన్న చోట, ఒక్క శాతం పన్ను పుట్టింది.

నేను ఒకటి తీసి రెండు కొట్టాను. పన్ను రెట్టింపైంది. పద్దెనిమిది కొట్టాను. సుబ్బరత్నమ్మ బిల్లుతో పైసాతో సహా సరిపోయింది. పద్దెనిమిది ఉన్న గడిని కదలకుండా బిగించాలి, సూత్రంలో ఒక చిన్న డాలరు గుర్తు పెడితే చాలు. నేను పెట్టలేదు. వరస దిగినప్పుడల్లా సూత్రం కూడా ఒక గడి దిగి, నా ఫోన్ల లెక్కనే పన్ను శాతం అనుకుంది.

శెట్టిగారికి చెప్పక తప్పలేదు. ఆయన చాలాసేపు షీటు చూసి, నేను ఆ దుకాణంలో విన్న అతి పొడవైన వాక్యం పలికారు.

"అంటే నీకు ఫోన్ రాని రోజు గవర్నమెంటుకు పన్ను కట్టే పన్లేదన్నమాట."

మర్నాడు పొద్దున్నే నన్ను గిద్దలూరు బస్సెక్కించారు. కంభం దాటేలోపు ఒక గొప్ప క్షమాపణ తయారు చేసుకున్నాను. డిపోలో కుర్చీలో కూర్చున్న బక్కపలచని మనిషిని చూడగానే అది కాస్తా మరిచిపోయాను. షీటు కాగితం ఆమె చేతిలో పెట్టి, "తప్పు నాది పెద్దమ్మా" అన్నాను.

"ఈ అంకెలేంది?"

"నాకొచ్చిన ఫోన్లు. కంప్యూటర్ వీటినే పన్ను శాతం అనుకుంది."

"ఈ రెండు?"

"ఆ రోజు మీరు పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి చేసినారు."

"ఈ ఒకట్లు?"

"అవీ మీవే."

"మరి ఈ సున్నాలు?"

ఆమె కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. లోపలినుంచి ఇంకో కుర్చీ తెప్పించి నన్ను కూర్చోమంది. లోడు సాయంత్రానికి పంపుతానంది. నేను బయల్దేరుతుంటే, "అయితే నా పన్ను నాకు సరిగా రావాలంటే రోజుకు పద్దెనిమిది సార్లు ఫోన్ చెయ్యాల్నా?" అంది. మొహంలో నవ్వు లేదు.

మర్నాడు తొమ్మిదింటికి ఫోన్ మోగింది. "ఒకటి రాసుకో" అని పెట్టేసింది. పావుగంటకు, "రెండు". భోజనాల వేళకు ఏడు. శెట్టిగారు వక్క నములుతూ వింటున్నారు. సాయంత్రం ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"పదకొండు అబ్బయ్యా. ఇంక నా వల్ల గాదు. మిగతా ఏడు శాతం మీ శెట్టిని సర్దుకోమను."

కాబట్టి, పాఠక మహాశయులారా, కీబోర్డు మీద కుడిచెయ్యి ఉంచి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. గడిని బిగించకుండా ఈ జన్మలో సూత్రం కిందికి లాగను. నా ఒంటరితనాన్ని పన్నుల పక్కన రాసుకోను. ఎవరు ఫోన్ చేస్తారా అని ఎదురుచూడను, నేనే చేస్తాను.

మొదటి రెండూ ఇప్పటివరకు తప్పలేదు.