శాలువా కప్పాక మానేసిన నడక

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె రోగుల వ్యాయామ విభాగాన్ని నాకు అప్పగించారు. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. నా పైన కార్డియాలజిస్టు, ఆయన పైన అడ్మినిస్ట్రేటర్. ఈ రెండో ఆయనకు గుండె గురించి తెలిసి ఉండాలన్న నియమం లేదు, తెలియదు కూడా.

మా పని ఇంటర్వెల్ శిక్షణ. అంటే ట్రెడ్‌మిల్ మీద కాసేపు గట్టిగా నడిపించి, ఊపిరి కుదుటపడేదాకా నెమ్మదిగా నడిపించి, మళ్లీ గట్టిగా నడిపించడం. కుర్రాళ్లు జిమ్ములో చేసేదే గానీ, గుండె బలహీనపడ్డవాళ్లకు ముందు స్ట్రెస్ టెస్టు చెయ్యాలి, డాక్టరు అనుమతి కావాలి, ఒంటికి ఈసీజీ తీగలు ఉండాలి. గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్ల విషయంలో నాడి ఒక్కటే నమ్మకూడదు. అందుకని మాట్లాడిస్తాం. గట్టి నడకలో రెండు మూడు మాటలు పలకగలగాలి. పూర్తి వాక్యాలు చెబుతున్నారంటే వేగం చాలలేదని, ఒక్క మాటా రావడం లేదంటే ఎక్కువైందని.

సత్యానందం మాస్టారు రిటైరైన హైస్కూలు టీచరు. షుగరుతో పాటు గుండె కండరం నీరసించింది. చర్చిలో పాటల బృందంతో పాడే మనిషి, చరణం పూర్తి కాకుండానే ఆయాసంతో కూర్చుండిపోయేవారు. "నిలబడి ఒక్క కీర్తన పాడేలా చెయ్యండమ్మా, చాలు" అన్నారు మొదటి రోజు. నెలలు పట్టింది. వానాకాలం వెళ్లేసరికి నిలబడి పాడారు. నేను వెళ్లి విన్నాను. గొంతు అంత గొప్పదేం కాదు గానీ, నాకు చాలా సంతోషం కలిగింది.

ఈ సంగతి అడ్మినిస్ట్రేటర్ చెవిన పడింది. ఆసుపత్రి వార్షికోత్సవంలో మాస్టారికి సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ, గేటు పక్కన ఆయన నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద ‘గుండె జబ్బును జయించిన గురువు’ అని రాయించారు. జయించలేదని, వ్యాయామం ఆపితే కథ మళ్లీ మొదటికొస్తుందని, ‘కోలుకుంటున్న’ అని రాయమని నేను ముందే చెప్పాను. "కోలుకుంటున్నవాళ్ల బొమ్మ చూసి ఎవరొస్తారండీ మేడమ్?" అన్నారాయన. మా కార్డియాలజిస్టు గారు కళ్లజోడు తుడుచుకుని వార్డుకి వెళ్లిపోయారు.

ఆ తరువాతి వారం మాస్టారు రాలేదు. ఫోన్ చేశాను.

"గేటు దగ్గర నా బొమ్మ పెట్టారు కదమ్మా. దాని పక్కనుంచి మళ్లీ పేషెంటుగా ఎలా వస్తాను? మా ఊరివాళ్లు ఎవరో ఒకరు కనబడతారక్కడ. ఏంటి మాస్టారూ, తగ్గలేదా అంటారు."

ఇంటి దగ్గర నడవమన్నాను. వీధిలో ఆయాసపడుతుంటే మరీ నామోషీ అన్నారు. ఫ్లెక్సీ తీయించమని ఆఫీసులో అడిగాను. కొత్త పేషెంట్లు వస్తున్నారని తీయించలేదు. చివరికి ఆయన ఇంటికే వెళ్లాను. కాఫీ ఇప్పించి, అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పి పంపించారు.

ఎండాకాలం రాకముందే కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక, ఐసీయూలో చేరారు. మళ్లీ లేవలేదు, అక్కడే పోయారు. ఆ రోజు ఐసీయూ బయట వరండాలో ఆయన భార్య రత్నకుమారి గారి పక్కన కూర్చుని, నడక ఆపకుండా ఉండాల్సిందండీ అన్నాను.

"తగ్గిపోయిందని మీవాళ్లే కదమ్మా శాలువా కప్పారు. తగ్గినాయనకి ఇంకా నడకెందుకు అనుకున్నాం. మాత్రలు కూడా సగం మానేశారు" అన్నారావిడ. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఇప్పటికీ ఉంది.

దీర్ఘకాలపు జబ్బులో బాగుండటమంటే వ్యాయామం, మందులు సాగుతున్నాయనే. జబ్బు పోయిందని కాదు. నేను రిటైరయ్యేదాకా మా విభాగం నుంచి ఇంకెవరినీ వేదిక ఎక్కనివ్వలేదు. అడ్మినిస్ట్రేటర్‌కి అది నచ్చలేదు, నాకు ప్రమోషనూ రాలేదు. ఆయాసం లేకుండా మెట్లెక్కి వచ్చి చేతులు పట్టుకున్న ప్రతి పేషెంటుకూ ఒకటే చెప్పాను: మీకు తగ్గలేదు, సోమవారం మళ్లీ రండి.