నాలుగు చుక్కలు

మా చిన్నాన్న కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పాత మోటారు సైకిళ్ళను కోసి, అతికించి, తమకు నచ్చిన రూపంలో కట్టుకునే వాళ్ళ కోసం ఆరేళ్ళుగా బ్లాగు రాస్తున్నాడు. తనకు మాత్రం బండి ఎక్కాలంటే భయం. "సైకిలెక్కినా కళ్ళు తిరుగుతాయి, పెద్ద రాతగాడు!" అని యజమాని ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటాడు. ఆదివారాలు ఓ వెల్డింగు షాపులో మూలన స్టూలు మీద కూర్చుని, చూసిందల్లా రాసుకొస్తాడు. ఆ రాతను చక్కదిద్దడం నా పని.

ఆ శనివారం కళ్ళజోళ్ళ దుకాణానికి క్యారేజీ తీసుకెళ్ళాను. చేతులు కడుక్కుంటూ ఫోను నాకిచ్చి, "బ్లాగు కింద ఎవరో ఫోటో పెట్టారు, చదివి పెట్టు" అన్నాడు.

"సార్, మీరు రాసినట్టే సీటు కింద ఫ్రేము కోసి పొట్టి చేయించాం. నాలుగు చుక్కలు పెట్టించాం. ఇవాళ రెండింటికి మా ఆవిడను ఎక్కించుకుని కొండ మీదికి వెళ్తున్నాం."

చిన్నాన్న తడిచేత్తోనే ఫోను లాక్కున్నాడు. ఫోటో పెద్దది చేసి చూశాడు. అతుకు దగ్గర నాలుగు బొట్లు, అంతే.

"చుక్కలంటే పనైపోయినట్టు కాదే! ముక్క కదలకుండా పట్టి ఉంచడానికి. తర్వాత చుట్టూ వెల్డింగు చెయ్యాలని రాశానే!"

రాశాడు. నాకు చుక్కలన్నా వెల్డింగన్నా ఒకటే. చెప్పిందే చెప్పాడనుకుని ఆ వాక్యం కొట్టేశాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది. గడియారం వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

అప్పటికి ఒకటీ ముప్పావు. 'బయలుదేరకండి' అని జవాబు పెట్టాం. ఉలుకూ పలుకూ లేదు. ఫోటోలో బండి వెనక వెల్డింగు షాపు బోర్డు, దాని మీద ఫోను నంబరు ఉన్నాయి. చివరి అంకెను హ్యాండిలు కప్పేసింది.

"సున్నా నుంచి తొమ్మిది దాకా పదే కదా చిన్నాన్నా, వరసగా చేద్దాం."

కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే జంకే మనిషి, అయినా తనే నంబర్లు నొక్కాడు. సున్నాకు ఎవరూ ఎత్తలేదు. ఒకటికి ఓ ముసలావిడ, "మా ఇంట్లో వెల్డింగు చేసేవాళ్ళెవరూ లేరు నాయనా" అంది. నాలుగుకు తిట్లు. ఆరుకు సుత్తి చప్పుడు వినబడింది.

"ఆ చుక్కలా? ఆగవని మొత్తుకున్నానండీ బాబూ! బ్లాగులో సారు అంతే రాశాడని నా మీదికే వచ్చాడు. ఇందాకే వెళ్ళిపోయారు."

"ఆ సారు నేనే" అన్నాడు చిన్నాన్న. "అతని నంబరివ్వండి."

మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. నేను స్పీకరు నొక్కాను. నాలుగోసారి గాలి హోరులో ఒకావిడ ఎత్తింది.

"ఎవరండీ? ఫోను నా బ్యాగులో ఉంది, ఆయన బండి నడుపుతున్నారు. ఆఁ? సీటు కింద టిక్కు టిక్కుమంటోంది, చెబితే వినరే..."

"ఆపించమ్మా! దిగు! ముందు నువ్వు దిగు తల్లీ!"

దుకాణంలో వాళ్ళంతా మా వైపు తిరిగారు. ఫోనులో హోరు తగ్గింది. ఇంజను ఆగింది. కాసేపటికి మగగొంతు: "సార్... రెండు చుక్కలు ఊడిపోయాయి."

"ఇక ఎక్కకండి, తోసుకునే తీసుకెళ్ళండి" అని చిన్నాన్న ఫోను పెట్టేశాడు. యజమాని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. కొట్టేసిన వాక్యం మళ్ళీ పెట్టడానికి నేను బ్లాగు తెరిచాను.

"ఎంతమంది చదివారో చూడు" అన్నాడు చిన్నాన్న.

"నాలుగు వందల పన్నెండు."

"చేశామని రాసింది ఒక్కడే కదూ?"

"ఒక్కడే."

చిన్నాన్న నీళ్ళు తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు.

"మిగతావాళ్ళు చెయ్యలేదనా, చేసి చెప్పలేదనా?"