పుల్లమ్మ ఉలవకట్టు

దొర గడి వెనక ఎడ్ల కొట్టంలో మూడు బండరాళ్లు, వాటి మీద ఇనుప కాగు. పుల్లమ్మ పదకొండేళ్ల పిల్లగా కాపురానికి వచ్చేనాటికే ఆ రాళ్లు నల్లబడి ఉన్నాయి. వచ్చిన మూడో రోజున అత్త ఆమె చేతిలో తెడ్డు పెట్టి, "ఇది మనింటి వెట్టి. నేను సచ్చినంక నీది" అన్నది. అత్త ఆమెకు ఇచ్చిన ఆస్తి అంతే.

అప్పటి నుంచి ముప్పై ఏళ్లు పుల్లమ్మ గడి ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టింది. కూలి లేదు. వెట్టికి కూలి ఏమిటని ఎవరూ అడగరు. కానీ ఒక వాడుక ఉండేది. గింజలు ఎడ్లకు. వార్చిన నీళ్లు, అంటే కట్టు, వండిన మనిషికి. కాగు అడుగున అంటుకున్న గింజలు కూడా ఆమెకే. ఆ మాట ఏ దొరా ఇచ్చింది కాదు. ఎద్దు కట్టు తాగితే పేడ పలచనవుతుందని పూర్వం ఎవరో అన్నారట. అందుకని పారబోసేవారు. పారబోసేచోట పుల్లమ్మ అత్తకు అత్త ఒక కుండ పెట్టింది. అలా మొదలైంది.

మాదిగవాడలో ఆ కుండ ఉన్న ఇల్లు ఒక్కటే. పుల్లమ్మకు నలుగురు పుట్టి ముగ్గురు పోయారు. బిక్షమ్మ ఒక్కతే నిలిచింది. భర్త మైసయ్య దొర బావి పూడిక తీస్తూ గడ్డ విరిగిపడి చనిపోయాడు. మూడో రోజున ఆమె మళ్లీ కాగు ముందు కూర్చుంది. ఎడ్లకు మైల లేదు.

ఆ ఊరు హుజూర్‌నగర్‌కు ఒక పూట నడక. నిజాం సర్కారు లెవీ ధాన్యం తీసుకుపోవడం మొదలుపెట్టిన రెండో ఏడు వాన కూడా మొహం చాటేసింది. జొన్న బెత్తెడు లేచి ఎండిపోయింది. అల్లుడు సైదులు కృష్ణ దాటి కాలువ పనికి వెళ్లాడు. మళ్లీ కబురు లేదు. బిక్షమ్మ నిండు చూలాలు. చలి మొదలైన రోజుల్లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల చిన్నది, కానీ గొంతు పెద్దది. ఏడిస్తే వాడ చివరిదాకా వినిపించేది.

పుల్లమ్మ కట్టుకుండ ఇంటికి తెచ్చి పొయ్యి మీద పెట్టేది. సగమయ్యేదాకా మరగనిచ్చేది. ఇల్లంతా ఉలవల వాసన, మట్టి తడిసినప్పటి వాసన. కాగు అడుగు గీకి తెచ్చిన గింజలను రాతి మీద నూరి అందులో కలిపేది. చెలకగట్ల మీద చెంచలికూర ఎండకు బతికేది. దాన్ని వెతికి గిల్లి, కొంగున కట్టుకుని వచ్చేది. పక్కింటి కాటమయ్య పెరట్లో మునగచెట్టుకు ఇంకా నాలుగు రెమ్మలున్నాయి. కాటమయ్య చూడనట్టు అటు తిరిగేవాడు. ఆకు వేసి, రెండు ఉడుకులు రానిచ్చి, దించి, మట్టిముంతలో పోసి ఇచ్చేది. బిక్షమ్మ ఊదుకుంటూ తాగేది. రొట్టె ఉన్న రోజు రొట్టె, లేని రోజు అదే.

నాలుగో నాటికి పాలు పడ్డాయి. పిల్ల తాగి, తాగి, తల పక్కకు వాల్చి నిద్రపోయేది.

పదకొండో నాడు బిక్షమ్మ తల్లి వెంట కొట్టం ఊడ్వడానికి వచ్చింది. రాకపోతే గడి నుంచి మనిషి వస్తాడు. పిల్లను గంపలో పడుకోబెట్టి, వంగి ఊడుస్తోంది. దొరసాని పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఆమె కూతురు కూడా పురిటికి వచ్చి ఉంది. కొడుకును కన్నది, పాలు పడలేదు. ఆ పిల్లవాడికి ఆవుపాలు పడుతున్నారు. దొరసాని కళ్లు బిక్షమ్మ రైక మీద నిలిచాయి. రైక ముందంతా తడిసి ఉంది.

"ఏమే పుల్లీ, నీ బిడ్డ రైక చూడు, తడిసి ముద్దయింది. నా బిడ్డకు నెయ్యేసి అన్నం పెడుతున్న, సుక్క పడుతలేదు. ఏం పెడుతున్నవే దానికి?"

"మాకాడ ఏముంటది దొరసానీ, నీ బాంచెన్. ఉలువల కట్టు, ఇంత ఆకు."

"కట్టా? ఎడ్లకు కాసేదా?"

గడిలో వంట చేసే నాగులమ్మ పక్కనే బియ్యం చెరుగుతోంది. ఆమె చాట ఆపి నవ్వింది. "ఇగ మనం గూడ తొట్ల మూతి పెట్టాలె దొరసానీ."

"నువ్వు నోరు మూయ్యే. చెప్పవే పుల్లీ, ఎట్ల చేస్తవు?"

ముప్పై ఏళ్లలో పుల్లమ్మను ఎవరూ ఏదీ ఎట్లా చేస్తావని అడగలేదు. చెయ్యమనడమే. ఆమె తెడ్డు పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నానేసిన ఉలువలు తెల్లారంగ పొయ్యెక్కియ్యాలె దొరసానీ. మంట జోరు పెట్టొద్దు. కాంగ కాంగ నీళ్లు నల్లబడతయి. గింజ ఏలుతోటి ఒత్తితె పగలాలె, గప్పుడు వార్చాలె. గా కట్టు మళ్ల కుండల పోసి సగం అయ్యేదాంక మరిగియ్యాలె. పిడికెడు గింజలు నూరి గండ్ల కలిపితె చిక్కబడతది. ఇగ ఆకు, లేత చెంచలికూర, మునగాకు ఇంత. ముందుగాల ఏస్తె చేదొస్తది, దించేటప్పుడె ఏయాలె. ఎల్లిగడ్డ దంచెయ్యాలె. మిరియాలుంటె నాలుగు, లేకుంటె లేదు. చింతపండు ముట్టొద్దు, బాలింతకు పడదు. నూనె అక్కెర లేదు, నెయ్యి అక్కెర లేదు. ఏడి ఏడిగ తాగాలె. నాలుగొద్దులల్ల పాలు రాకుంటె నన్నడుగు."

చివరి మాట అనేసి తనే బెదిరింది. దొరసానితో నన్నడుగు అన్నది. దొరసాని తల ఊపింది.

ఇంటికి వస్తూ పుల్లమ్మ దారి పొడుగునా మాట్లాడింది. "పీట మీదికెల్లి ముందుకొంగి ఇన్నది బిడ్డా. నాగులమ్మ మొకం మాడిపోయింది."

"గంత చెప్పినవా అమ్మా?"

"అడిగితె చెప్పనా?"

"అడిగిందంటె ఊకెనె అడిగిందా?"

పుల్లమ్మకు కోపం వచ్చింది. మంచి మాట చెప్తే వంకర తీసే పిల్ల అనుకుంది.

మర్నాడు తెల్లవారుజామున కొట్టానికి వెళ్లేసరికి మూడు రాళ్ల మీద కాగు లేదు. గడ్డివాము పక్కన బోర్లించి ఉంది. ఎడ్ల జీతగాడు బీరన్న, కురుమల మనిషి, గొంగడి కప్పుకుని నిలబడ్డాడు. ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"ఉలువలు ఇయ్యాల్టి సంది గడిల ఉడుకుతయట పుల్లక్కా. మాదిగోళ్లు ముట్టిన కాగు బాలింతకు పనికిరాదని కొత్త కాగు పెట్టిండ్రు. నాగులమ్మ వండుతది. వార్చిన గింజలు గుమ్మం కాడ పెడతరు. నువ్వు తెచ్చి తొట్లల్ల పొయ్యాల్నట."

"మరి కట్టు?"

బీరన్న గొంగడి బిగించుకుని తొట్ల వైపు నడిచాడు. జవాబు ఆమెకూ తెలుసు.

ఉలవలు ఆ ఏడు వాడలో ఎవరి ఇంట్లోనూ లేవు. విత్తనానికి దాచినవి కూడా తినేశారు. పుల్లమ్మ ఉత్త నీళ్లలో చెంచలికూర ఉడకబెట్టింది. మునగచెట్టు మోడయింది. మూడో నాటికి బిక్షమ్మకు చలిజ్వరం తగిలింది. పిల్ల రొమ్ము పట్టి, వదిలి, ఏడ్చి, మళ్లీ పట్టేది. ఐదో నాటికి ఏడుపు పక్కింటికి కూడా వినిపించలేదు.

పుల్లమ్మ నాగులమ్మను అడిగింది. గింజల గంప ఎత్తుకుంటూ, గొంతు తగ్గించి.

"నాగులమ్మా, ఒక్క ముంతెడు. పిల్ల కోసం."

"నాదా ఇచ్చేతందుకు? దొరసాని చెప్తె పోస్త."

దొరసానిని అడగడానికి ఆమెకు ఇంకో రోజు పట్టింది. గుమ్మానికి దూరంగా, నేల మీద కూర్చుని అడిగింది. దొరసాని కసురుకోలేదు. మనవడి చొక్కాకు గుండీ కుడుతోంది.

"చూద్దాం తియ్యే. మా పిల్లకు పాలు పడనియ్యి ముందుగాల. నువ్వె చెప్తివి, నాలుగొద్దులని. ఇప్పటికి ఆరాయె."

"పడతయి దొరసానీ."

"పడకుంటె?"

పుల్లమ్మ తల వంచుకుంది. పడకపోతే తాను అబద్ధం చెప్పినట్టు. పడితే కట్టు ఎప్పటికీ గడిలోనే. ఆమె ఏది కోరుకోవాలో తెలియక లేచి వచ్చేసింది.

ఆ మర్నాడు గింజలు తొట్లలో పోసింది. ఎర్ర ఎద్దు మూతి ముంచింది. పుల్లమ్మ ఆ మూతి పక్కనుంచి చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసింది. కొంగున కట్టింది. ఇంకో పిడికెడు తీసింది. ఎద్దు తలెత్తి ఆమె చేతిని నాకింది. వెనక్కి తిరిగితే బీరన్న ఉన్నాడు. కొట్టంలో గింజ తగ్గితే కట్టేసి కొట్టేది అతన్నే.

"దొర్కితె నన్ను సంపుతరు పుల్లక్కా."

ఆమె కొంగు ముడి విప్పబోయింది.

"తీసిన కాడికి తీస్కపో. మళ్ల తియ్యకు" అన్నాడు. తొట్టి వైపు చూసి, "వార్చిన గింజల ఏముంటదే, పిప్పి. కట్టు ఉంటె వేరు" అన్నాడు.

సాయంత్రం తన మేకల్లో ఇంకా వట్టిపోని దాన్ని పిండి, మోదుగాకు దొప్పలో నాలుగు చుక్కలు తెచ్చాడు. గుడ్డ ముంచి పిల్ల నోట్లో పెట్టారు. పిల్ల కక్కేసింది.

పిప్పి గింజలను పుల్లమ్మ నూరి, ఆకు వేసి మరగబెట్టింది. ఎంత మరిగినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. రంగు రాలేదు. ఆ వాసన రాలేదు. బిక్షమ్మ తాగింది. తాగి, ముంత తిరిగి ఇస్తూ, "బాగున్నదమ్మా" అన్నది. ఆ మాటకు పుల్లమ్మ బయటకు వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది.

కాగు దించిన పదకొండో రోజున కొట్టానికి వెళితే బీరన్న పాత కాగును మళ్లీ రాళ్ల మీదికి ఎక్కిస్తున్నాడు.

"ఏమయింది?"

"దొర బిడ్డకు వాసన పడదట. పశువుల వాసనని మొదటి దినమె ముంత ఇసిరి కొట్టిందట. గా ముచ్చట బయట పెట్టకుంట, ఇగ తాగుతది ఇగ తాగుతదని దొరసాని చూసింది. రోజు బర్లకు పోసుడె నాగులమ్మ."

"ఇన్నొద్దులు బర్లకు పోసిందా?"

"ఒక బర్రెకు పాలెక్కువైనయట" అన్నాడు బీరన్న. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

పుల్లమ్మ కాగు తోమింది. ఉలవలు పోసింది. మంట జోరు పెట్టలేదు. నీళ్లు నల్లబడేదాకా కూర్చుంది. గింజ వేలితో ఒత్తితే పగిలింది. వార్చింది. కుండ ఎత్తుకుని నడిచింది. దారిలో గట్లన్నీ వెతికితే గుప్పెడు చెంచలికూర దొరికింది. ఇంటికొచ్చి మరిగించింది. ఆకు వేసింది. బిక్షమ్మకు జ్వరం తగ్గుముఖం పట్టింది. తాగింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా తాగింది.

నాలుగో రోజు పొద్దున్న బిక్షమ్మ, "అమ్మా, రా" అని పిలిచింది. రైక ఒక పక్క తడిసింది. ఇద్దరూ పిల్లను లేపారు. పిల్ల పెదాలకు రొమ్ము అందించారు. పాలు నోట్లో పడ్డాయి. పిల్ల మింగలేదు. పెదాల మూల నుంచి కారి మెడ కిందికి పోయాయి. పుల్లమ్మ పిల్ల గొంతు మీద వేలితో మెల్లగా రాసింది, దూడకు రాసినట్టు. ఒక గుటక పడింది. రెండోది పడలేదు. కాళ్ల నుంచి చల్లబడుతూ వచ్చింది. పొద్దు నడినెత్తికి రాకముందే అయిపోయింది.

ఇరవై ఒకటో నాడు పేరు పెట్టాల్సింది. పిల్ల కోలుకున్నాక పెడదామని ఆపారు. పూడ్చేటప్పుడు పిలవడానికి పేరు లేదు. కాటమయ్య గుంట తీశాడు. పుల్లమ్మ రేగుముళ్లు పరిచి, మీద రాళ్లు పెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే ఆమె కొట్టానికి వెళ్లింది. ఎడ్లు తొట్ల దగ్గర నిలబడి ఉన్నాయి. ఉలవలు ఉడికించి, వార్చి, కుండ ఎత్తుకుని వచ్చింది. పొయ్యి రాజేసి మరగబెట్టింది. ఆకు దొరకలేదు. ముంతలో పోసి బిక్షమ్మ ముందు పెట్టింది.

"ఇగ గిదెందుకమ్మా?"

"ఆకలయితది గద బిడ్డా."

ఆకలి నిజమే. బిక్షమ్మ ముంత అందుకుని తాగింది. ఆపకుండా, అడుగుదాకా. రైక రెండు పక్కలా తడిసి ఉంది. రొమ్ములు రాళ్లయి, ముట్టుకోనివ్వకుండా సలుపుతున్నాయి. పాలు ఇంకిపోయేందుకు పుల్లమ్మ పాత చీరలోంచి బెత్తెడు వెడల్పున గుడ్డ చింపింది. కూతురి వెనక కూర్చుని ఛాతీ చుట్టూ తిప్పి ముడి వేయబోయింది.

"ఇంకా బిగియ్యమ్మా" అన్నది బిక్షమ్మ.

పుల్లమ్మ కూతురి వీపుకు మోకాలు ఆనించి, గుడ్డ రెండు కొసలూ పట్టుకుని లాగింది.